అది మెక్సికన్ల గొడవేం కాదండీ

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ పత్రిక ఇక్కడ టెక్సస్‌లో కూర్చుని రోజూ ఫోన్లో చదువుతాను. అమెరికా వార్తలంటే నా కంట పడేవి నాలుగే రకాలు: హెచ్‌వన్‌బీ లాటరీ, గ్రీన్‌కార్డు తేదీలు, ఏదో ఒక ప్రమాదం, తెలుగు సంఘాల సభలు. అవి వేయొద్దని అనను, మా ఇంట్లోనూ ముందు చదివేది వాటినే. కానీ ఇక్కడి స్కూళ్ళలో, కాలేజీల్లో ఇరవై పాతికేళ్ళుగా ఒక తగాదా నడుస్తోంది. మిలటరీ వాళ్ళు క్యాంపస్‌లోకి వచ్చి పిల్లల్ని చేర్చుకోవచ్చా అన్నది ఒకపక్క, వలస వచ్చిన కుటుంబాల పిల్లలకి అదే క్యాంపస్‌లో చదువుకునే హక్కు ఎంతవరకు అన్నది ఇంకోపక్క. ఈ రెండో దాని గురించి మనవాళ్ళ మధ్య మాటొస్తే చాలు, గుడి భోజనాల దగ్గరైనా సరే, పుట్టినరోజు పార్టీలోనైనా సరే, ఒకటే జవాబు: "అది మెక్సికన్ల గొడవండీ, మనకెందుకు? మనం కాగితాలతో వచ్చాం కదా." ఈ ఉత్తరం రాయడానికి కారణం ఆ మాటే.

ముందు మా ఇంటి సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. మాది ఇర్వింగ్, డాలస్ పక్కన. మా ఆయనది హెచ్‌వన్‌బీ ఉద్యోగ వీసా, నేనూ మా అబ్బాయీ ఆయన మీద ఆధారపడి ఉండే హెచ్‌ఫోర్. వాడు పసివాడుగా ఉన్నప్పుడు వచ్చాం, ఇప్పుడు హైస్కూలు చివరికొచ్చాడు. ప్రతి ఏడూ ఆగస్టులో స్కూలు తెరిచే ముందు ఆన్‌లైన్లో ఫారాలు నింపాలి, ఒకటా రెండా, టీకాల దగ్గర్నుంచి బస్సు దాకా. వాటి మధ్యలో "డైరెక్టరీ ఇన్ఫర్మేషన్" అని ఒక పేజీ ఉంటుంది. పిల్లాడి పేరు, అడ్రసు, ఫోన్ నంబరు బయటివాళ్ళకి ఇవ్వొచ్చా అని అడుగుతుంది, అందులో మిలటరీ రిక్రూటర్ల సంగతి విడిగా ఒక గడి. మనవాళ్ళలో ఎంతమంది ఆ గడి చదివి నొక్కుతారో నాకు అనుమానమే, నేనే చాలా ఏళ్ళు ఎస్, ఎస్, నెక్స్ట్ అని కొట్టేసేదాన్ని. అందులో వద్దు అని చెప్పకపోతే, రిక్రూటర్ అడిగినప్పుడు స్కూలు ఆ వివరాలు ఇచ్చి తీరాలి. ఇది స్కూలు ప్రిన్సిపాల్ ఇష్టం కాదు. 2002 జనవరిలో జార్జి బుష్ సంతకం పెట్టిన "నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్" చదువుల చట్టంలో ఎక్కడో లోపల పెట్టిన నిబంధన అది. కేంద్రం డబ్బు తీసుకునే ప్రతి హైస్కూలూ పిల్లల పేర్లు, అడ్రసులు, ఫోన్ నంబర్లు రిక్రూటర్లకి ఇవ్వాలి, కాలేజీల వాళ్ళని, ఉద్యోగాలిచ్చే వాళ్ళని రానిచ్చినట్టే వాళ్ళనీ లోపలికి రానివ్వాలి. 2015లో ఒబామా హయాంలో ఆ చట్టం పోయి కొత్తది వచ్చింది, ఈ నిబంధన మాత్రం చెక్కుచెదరలేదు. పార్టీలు మారినా ఇది మారలేదన్నది గమనించండి.

పోయినేడు మధ్యాహ్నం భోజనాల టైములో మావాడి స్కూల్లో మిలటరీ రిక్రూటర్లు బల్ల వేశారు. పక్కన ఒక ఇనప బార్ నిలబెట్టి, ఇన్ని పుల్-అప్స్ తీస్తే టీషర్టు, ఇన్ని తీస్తే నీళ్ళ బాటిల్. పదహారేళ్ళ మగపిల్లలు ఊరుకుంటారా, మావాడూ వేలాడి ఒక బాటిల్ సంపాదించుకొచ్చాడు. వారం తిరక్కుండా ఫోన్‌కి మెసేజీలు. సార్జెంట్ చాలా మర్యాదగా, "బడ్డీ" అంటూ, కాలేజీ ఫీజు మొత్తం మేం కడతాం అని రాశాడు. మావాడికి ఆశ పుట్టింది, ఎందుకు పుట్టదు, ఇంట్లో రోజూ ఫీజుల లెక్కలే కదా వినేది. "అమ్మా, వీళ్ళు మొత్తం ఇస్తారట" అని వచ్చాడు. నేను నవ్వాలో ఏడవాలో తెలియక, నీకు గ్రీన్‌కార్డు ఉందేమో అడగమను ముందు అన్నాను. అడిగాడు, లేదన్నాడు. అవతలినుంచి, వచ్చాక ఫోన్ చెయ్యి, ఆల్ ద బెస్ట్ అని ఒక్క లైను. అంతే. మా కేసులో గ్రీన్‌కార్డు ఎప్పుడొస్తుందో ఆ సార్జెంట్‌కి తెలిసుంటే అంత సరదాగా రాసేవాడు కాదు.

నేను మిలటరీకి వ్యతిరేకిని కాదు, ఇది ముందే చెప్పాలి, లేకపోతే కింద కామెంట్లలో నన్ను దేశద్రోహిని చేస్తారు, ఏ దేశానికో మరి. మా అమ్మమ్మగారి ఊరు తాడేపల్లిగూడెం దగ్గర, మిలటరీ మాధవరానికి కూతవేటు దూరం. ప్రపంచ యుద్ధాల నాటినుంచి ఇంటికొకరు సైన్యంలోకి వెళ్ళిన ఊరని ఆ పేరొచ్చింది. ఆ ఊళ్ళో యూనిఫాం వేసుకున్నవాడంటే ఎంత గౌరవమో చిన్నప్పుడు చూశాను. నా కోపం సైనికుడి మీద కాదు. బల్ల వేసుకునే హక్కు అంత గట్టిగా ఎందుకుంది, పిల్లాడు బెంచీ మీద కూర్చునే హక్కు అంత పలచగా ఎందుకుంది అని అడుగుతున్నానంతే.

బల్ల సంగతి చూడండి. కాలేజీలకి వేరే చట్టం ఉంది, సోలమన్ అమెండ్‌మెంట్ అంటారు, న్యూయార్క్‌కి చెందిన రిపబ్లికన్ సభ్యుడు జెరాల్డ్ సోలమన్ పేరు మీద, 1990లలో వచ్చింది. రిక్రూటర్లని రానివ్వని యూనివర్సిటీకి కేంద్రం నిధులు ఆపేయొచ్చు. అప్పట్లో స్వలింగ సంపర్కులు ఆ సంగతి బయటపెడితే సైన్యంలోంచి పంపించేసేవాళ్ళు. మా దగ్గర ఉద్యోగాలిచ్చేవాళ్ళెవరూ వివక్ష చూపకూడదని రూలు పెట్టుకున్న లా కాలేజీలు, మీరు చూపిస్తున్నారు కాబట్టి మీకు మా సాయం ఉండదని అన్నాయి. వాళ్ళంతా కలిసి కోర్టుకెళ్ళారు. 2006 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది, చీఫ్ జస్టిస్ రాబర్ట్స్ రాశారు, ఎనిమిది మంది జడ్జీలూ ఒకేమాట: ప్రభుత్వం డబ్బు తీసుకుంటున్నారు కాబట్టి రిక్రూటర్‌ని మిగతావాళ్ళతో సమానంగా రానివ్వాలి, మీకిష్టం లేకపోతే నిరసన తెలుపుకోండి. తెలిపారు కూడా. శాంటా క్రూజ్‌లో కాలిఫోర్నియా యూనివర్సిటీ విద్యార్థులు 2005లో రిక్రూటర్లని జాబ్ ఫెయిర్ నుంచి వెనక్కి పంపేలా గొడవ చేస్తే, రక్షణశాఖ పెంటగాన్ దాన్ని ముప్పుల జాబితాలో రాసుకుందని ఆ ఏడాది చివర బయటపడింది. శాన్‌ఫ్రాన్సిస్కో ఓటర్లు అదే ఏడు నవంబరులో, మా స్కూళ్ళలో రిక్రూటర్లు వద్దు, చదువుకి స్కాలర్‌షిప్పులు ఇవ్వండి అని ఒక తీర్మానానికి ఓటేశారు. చట్టం ముందు అది నిలిచేది కాదు, ఊరి మనసు చెప్పుకున్నారంతే.

ఇప్పుడు బెంచీ సంగతి. మా ఇంటినుంచి తూర్పుకి రెండు గంటలు కారేసుకుని వెళ్తే టైలర్ అని ఊరొస్తుంది, గులాబీ తోటలకి పేరు. 1970లలో అక్కడి స్కూళ్ళవాళ్ళు, కాగితాలు లేని పిల్లలు చదవాలంటే ఏడాదికి వెయ్యి డాలర్లు కట్టాలన్నారు. కూలి చేసుకునే వాళ్ళు పిల్లాడికి వెయ్యి డాలర్లు ఎక్కడ తెస్తారు? నాలుగు కుటుంబాలు కోర్టుకెళ్ళాయి. 1982 జూన్ 15న సుప్రీంకోర్టు, తల్లిదండ్రులు చేసిన దానికి పిల్లల్ని చదువులేని వాళ్ళని చేయకూడదని, స్కూల్లోంచి బయటపెట్టడం కుదరదని చెప్పింది. ఎంతమంది చెప్పారనుకున్నారు? అయిదుగురు ఒకవైపు, నలుగురు ఇంకోవైపు. రిక్రూటర్ బల్లకి ఎనిమిదికి సున్నా, పిల్లాడి బెంచీకి అయిదుకి నాలుగు. ఆ తీర్పు కూడా పన్నెండో తరగతి వరకే. దాన్ని తిరగదోడాలని ఇప్పుడు మళ్ళీ ప్రయత్నాలు మొదలయ్యాయి, 2025లో టెనెసీ సెనేట్ అలాంటి బిల్లు ఒకటి పాస్ చేసింది, కింది సభలో ఆగిపోయింది కాబట్టి సరిపోయింది.

పన్నెండు దాటాక ఏంటి అంటే, అక్కడే యూనిఫాం వచ్చి నిలబడింది. 2001లో డర్బిన్, హ్యాచ్ అనే ఇద్దరు సెనేటర్లు, ఒకరు డెమొక్రాట్, ఒకరు రిపబ్లికన్, డ్రీమ్ యాక్ట్ అని తెచ్చారు. చిన్నప్పుడే వచ్చి ఇక్కడే పెరిగిన పిల్లలకి పౌరసత్వం దాకా దారి చూపించే బిల్లు. అది తర్వాత రూపం మారుతూ వచ్చి, రెండేళ్ళు కాలేజీ అన్నా చదవాలి, లేదా రెండేళ్ళు సైన్యంలో అన్నా చేయాలి అన్న చోటికి వచ్చి ఆగింది. వినడానికి బాగుంది, రెండు దారులిచ్చారు కదా అనిపిస్తుంది. కాస్త ఆగి ఆలోచించండి. కాగితాలు లేని పిల్లాడికి కేంద్రం ఇచ్చే ఫీజు సాయం ఒక్క డాలరు రాదు, పెల్ గ్రాంట్ రాదు, కేంద్రం లోన్ రాదు. అమ్మా నాన్నా ఇళ్ళు తుడిచో, ఇళ్ళ పైకప్పులు వేసో బతుకుతుంటారు. అలాంటి ఇంట్లో పిల్లాడికి కాలేజీ దారి పేరుకే, నిజంగా మిగిలేది రెండోదే. వలస పిల్లల తరఫున పోరాడేవాళ్ళలోనే దీని మీద పెద్ద చీలిక వచ్చింది. కొందరు, ఎలాగోలా పాస్ అవనీయండి, ఏ దారైనా దారే అన్నారు. కొందరు, ఇది పేదపిల్లల్ని యుద్ధానికి తోలే పద్ధతి, దొడ్డిదారిన బలవంతపు భర్తీ అన్నారు. పెంటగాన్ కూడా ఈ బిల్లుని తన మనుషుల కొరత తీర్చే మార్గంగా తన ప్రణాళికలోనే రాసుకుంది, కాబట్టి ఆ రెండోవాళ్ళ భయం ఊరికే పుట్టింది కాదు. ఇరాక్ యుద్ధం మొదలైన మొదటి రోజుల్లోనే, 2003 మార్చి 21న చనిపోయిన మెరీన్ సైనికుడు హోసే గుటియెరెజ్ గ్వాటెమాలా నుంచి అనాథగా, కాగితాలు లేకుండా వచ్చినవాడు. పౌరసత్వం ఆయనకి చనిపోయాక ఇచ్చారు.

2010 డిసెంబరు 18 శనివారం సెనేట్లో జరిగింది చూస్తే ఈ కథంతా ఒక్కరోజులో కనిపిస్తుంది. డ్రీమ్ యాక్ట్‌కి ముందుకు వెళ్ళాలంటే 60 ఓట్లు కావాలి, 55 వచ్చాయి, పోయింది. అదే రోజు, అదే సభ, సైన్యంలో స్వలింగ సంపర్కుల మీద ఉన్న నిషేధాన్ని 65 ఓట్లతో ఎత్తేసింది. ఆ తర్వాత కొద్ది నెలలకే హార్వర్డ్, వియత్నాం యుద్ధం నాటి గొడవలప్పుడు వెళ్ళగొట్టిన ఆర్ఓటీసీ, అంటే విద్యార్థులకిచ్చే సైనికాధికారి శిక్షణని మళ్ళీ క్యాంపస్‌లోకి ఆహ్వానించింది. అంటే యూనివర్సిటీకీ సైన్యానికీ ఉన్న తగాదా తీరిపోయింది, బెంచీ మీద పిల్లాడి తగాదా ఎక్కడిదక్కడే. 2012 జూన్ 15న ఒబామా, కాగితాలు లేకుండా ఇక్కడ పెరిగిన పిల్లల్ని దేశంలోంచి పంపేయకుండా ఆపే డాకా ఇచ్చారు, టైలర్ తీర్పు వచ్చి సరిగ్గా ముప్ఫై ఏళ్ళ రోజున. అది చట్టం కాదు, రెండేళ్ళకోసారి రెన్యూ చేయించుకునే అనుమతి. ఆ రోజుకి వీసా ఏదీ లేనివాళ్ళకే అది వర్తిస్తుంది. చెల్లే వీసా మీద ఉన్న మా పిల్లలకి అదీ లేదు. నిబంధనలు పాటించినందుకు మనకి దక్కిన బహుమతి అది.

"సరే, వాళ్ళ సంగతి వదిలేయండి, కాగితాలున్న వాళ్ళకైతే సైన్యం మేలే చేసింది కదా" అని ఒకాయన నాతో వాదించారు. ఆయన చెప్పేది మావ్‌ని అనే పథకం గురించి. 2008 చివర్లో పెట్టారు. గ్రీన్‌కార్డు లేకపోయినా, స్టూడెంట్ వీసా మీదున్నా, హెచ్ వీసా మీదున్నా, అమెరికాకి అవసరమైన భాష ఏదైనా వచ్చి ఉంటే, లేదా డాక్టరు, నర్సు అయితే, సైన్యంలో చేరొచ్చు, శిక్షణ అవుతూనే పౌరసత్వం. ఆ భాషల్లో హిందీ, ఉర్దూ, పంజాబీ, తమిళం, మలయాళం లాంటివి ఉన్నాయి. పదేళ్ళు క్యూలో నిలబడే చోట పది వారాల్లో సిటిజెన్‌షిప్ అంటే ఎవరు కాదంటారు, మాస్టర్స్ చదువుతున్న మన దేశపు పిల్లలు కూడా వెళ్ళి చేరారు. మొత్తం పదివేల మందికి పైగా చేరారు. 2016లో భద్రత తనిఖీలు కొత్తగా పెట్టి, కొత్తవాళ్ళని తీసుకోవడం ఆపేశారు. అప్పటికే సంతకం పెట్టినవాళ్ళని శిక్షణకి పిలవకుండా కూర్చోబెట్టారు, నెలలు కాదు, ఏళ్ళు. ఈలోగా చాలామందికి వీసాలు అయిపోయాయి. సైన్యాన్ని నమ్ముకున్న పాపానికి ఇటు చదువూ లేక, అటు యూనిఫామూ లేక, దేశంలో ఉండే హక్కూ లేక అడకత్తెరలో పోకచెక్కలా అయిపోయారు. 2018లో కొందరికి కారణం కూడా సరిగ్గా చెప్పకుండా డిశ్చార్జ్ కాగితాలు పంపారు. వాళ్ళు వాషింగ్టన్ కోర్టుల్లో కేసులు వేసి, కొన్ని గెలిచారు. సంతకం పెట్టేటప్పుడు ఇచ్చిన మాట నిలబెట్టుకోమని సైనికులే ప్రభుత్వం మీద కోర్టుకెళ్ళాల్సి వచ్చింది, ఇంక నాతో వాదించిన ఆయన చెప్పే మేలు ఏమిటో నాకు అర్థం కాలేదు.

ఇక ఫార్మింగ్టన్. అది మనవాళ్ళు అప్పుడే మర్చిపోయారంటే నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. మిషిగన్‌లో ఇమిగ్రేషన్ అధికారులే ఒక దొంగ యూనివర్సిటీ పెట్టారు. వెబ్‌సైటు, లోగో, లాటిన్‌లో నినాదం, ప్రభుత్వ జాబితాలో పేరు, అన్నీ ఉన్నాయి. లేనివి పంతుళ్ళూ క్లాసులూ. 2019 జనవరిలో బయటపెట్టినప్పుడు చేరిన ఆరువందల మందిలో ఎక్కువమంది తెలుగు పిల్లలే. మొదటి రోజుల్లోనే నూటముప్ఫై మంది దాకా పట్టుకున్నారు, చాలామంది కాళ్ళకి ట్రాకర్లు కట్టుకుని తిరిగారు. వాళ్ళని చేర్పించి కమీషన్ తిన్నందుకు కేసులు పడిన ఎనిమిది మందీ తెలుగువాళ్ళే, వాళ్ళనీ రిక్రూటర్లనే రాశారు కేసు కాగితాల్లో. పిల్లల్లో కొందరికి అది పేరుకే కాలేజీ అని తెలుసు, కాదనను. కానీ కట్టించుకున్న ఫీజు ప్రభుత్వం జేబులోకే వెళ్ళింది. ఆ డబ్బు వెనక్కి ఇమ్మని ఒక విద్యార్థి వేసిన కేసుని కింది కోర్టు కొట్టేస్తే, 2024లో ఫెడరల్ అప్పీలు కోర్టు, లేదు, అది వినాల్సిన కేసేనని చెప్పింది. ఆ రోజుల్లో ఇక్కడ మనవాళ్ళు ఏం అన్నారో నాకు బాగా గుర్తు: "వాళ్ళు వెధవ పని చేశారు, మనకి చెడ్డపేరు తెచ్చారు." మెక్సికన్ల గొడవ కాస్తా మన గొడవ అయినప్పుడు కూడా మనం దాన్ని పక్కింటి గొడవగానే చూశాం.

2025 వచ్చేసరికి పక్కిల్లు కూడా మిగల్లేదు. మార్చిలో కొలంబియా యూనివర్సిటీకి నాలుగువందల మిలియన్ డాలర్లు ఆపేశారు, ఏప్రిల్లో హార్వర్డ్‌కి రెండు బిలియన్లకి పైగా. మా మాట వినకపోతే డబ్బు ఆపుతాం అనే ఈ పద్ధతి కొత్తదేం కాదు, రిక్రూటర్ కోసం సోలమన్ చట్టంలో వాడిన తాడే. అప్పుడు, మా మనిషిని లోపలికి రానివ్వండి అని లాగారు. ఇప్పుడు, ఫలానా విద్యార్థుల వివరాలివ్వండి, ఫలానా వాళ్ళని అదుపులో పెట్టండి అని లాగుతున్నారు. కొలంబియాలో పీహెచ్‌డీ చేస్తున్న మన దేశపు అమ్మాయి రంజని శ్రీనివాసన్ వీసా రద్దు చేస్తే, పట్టుకోకముందే ఆమె సర్దుకుని కెనడా వెళ్ళిపోయింది. జార్జ్‌టౌన్‌లో పరిశోధన చేస్తున్న బదర్ ఖాన్ సూరిని వర్జీనియాలో పట్టుకుని, తిప్పి తిప్పి తెచ్చి పెట్టింది ఎక్కడనుకున్నారు, ఇక్కడే, మా డాలస్‌కి దక్షిణాన అల్వరాడోలో. జడ్జి విడిచిపెట్టమనేదాకా, మే నెల మధ్య దాకా, అక్కడే ఉన్నారు. మేం వారాంతంలో పిల్లల్ని వేసుకుని అటువైపు కారులో వెళ్తూ ఉంటాం, ఆ ఊళ్ళో అలాంటి జైలు ఒకటుందని అప్పటిదాకా మాలో ఎవరికీ తెలీదు.

"వాళ్ళు రాజకీయాలు చేశారు కాబట్టి" అంటారు. సరే. మరి ఏప్రిల్లో కంప్యూటర్లో ఒక్కదెబ్బన వేలమంది విదేశీ స్టూడెంట్ల వీసా రికార్డులు కొట్టేశారు కదా, అందులో అతివేగం టికెట్లు పడినవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళేం రాజకీయం చేశారు? ఇమిగ్రేషన్ లాయర్ల సంఘం దగ్గరకి వచ్చిన మూడువందల పైచిలుకు కేసుల్లో సగం మనవే, ఇండియావాళ్ళవే. కోర్టుల్లో వరుసగా దెబ్బలు తిన్నాక నెలాఖరుకి రికార్డులు తిరిగి పెట్టారు, ఆ రెండు మూడు వారాలు ఇక్కడ మన పిల్లలు పడ్డ టెన్షన్ నేను చెప్పలేను. మా అపార్ట్‌మెంట్లలో అద్దెకుండే ఇద్దరు కుర్రాళ్ళు క్లాసుకి కూడా కారు తియ్యకుండా నడిచి వెళ్ళారు, దారిలో పోలీసు ఆపితే ఏమవుతుందోనని.

మా టెక్సస్ సంగతి ఒకటి చెప్పి తీరాలి, ఎందుకంటే ఇది మన ఇళ్ళకి నేరుగా తగిలేది. 2001లో ఇక్కడ ఒక చట్టం చేశారు, సంతకం పెట్టింది రిపబ్లికన్ గవర్నర్ రిక్ పెర్రీ. టెక్సస్ హైస్కూల్లో చదువు పూర్తిచేసి, మూడేళ్ళు ఇక్కడే ఉన్న పిల్లాడెవడైనా, వాడికి ఏ వీసా ఉంది ఏది లేదు అని చూడకుండా, కాలేజీలో స్థానికుల ఫీజే. దేశంలో అలాంటి చట్టం చేసిన మొదటి రాష్ట్రం ఇదే. 2025లో దీన్ని ఎత్తేసే బిల్లు శాసనసభలో పాస్ కాకుండానే సమావేశాలు ముగిశాయి. ముగిసిన రెండురోజులకి, జూన్ 4న, కేంద్ర న్యాయశాఖ టెక్సస్ మీద కేసు వేసింది. రాష్ట్రం వాదించనే లేదు, అవును మీరే రైటు అంది, అదే రోజు జడ్జి సంతకం అయిపోయింది. కాగితాలు లేని పిల్లలకి ఇరవైనాలుగేళ్ళ చట్టం ఒక పూటలో పోయింది. సభలో గెలవనిది కోర్టులో ఇద్దరూ కూడబలుక్కుని గెలిచారని ఇక్కడ చాలామంది అన్నారు, నాకూ అలాగే అనిపించింది. ఇప్పుడు కాలేజీలు చట్టబద్ధంగా ఉన్నవాడెవడు, లేనివాడెవడు అని తేల్చాల్సి వచ్చింది. మనకి వీసా ఉంది కదా, మన ఫీజు పోలేదు కదా అని మనవాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. ఇరవై ఒకటి నిండి హెచ్‌ఫోర్ పోయి స్టూడెంట్ వీసాలోకి మారిన మన పిల్లలు ఇన్నాళ్ళూ స్థానికుల ఫీజు కట్టగలిగింది, టెక్సస్ హైస్కూల్లో చదివితే చాలన్న ఈ చట్టంలోని మాట వల్లే. "అక్రమంగా వచ్చినవాళ్ళ చట్టం" అని మనం తిట్టుకున్నది మన పిల్లల్నే కాస్తూ వచ్చింది.

ఆ ఇరవై ఒకటి మాట తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. ఇక్కడ పెరిగిన హెచ్‌ఫోర్ పిల్లలు ఇరవై ఒకటి దాటగానే తల్లిదండ్రుల గ్రీన్‌కార్డు దరఖాస్తులోంచి బయటికి పోతారు. ఏ దేశానికైనా ఏడాదికి ఏడు శాతమే అన్న కోటా వల్ల మనవాళ్ళ క్యూ ఎలా ఉందంటే, 2025లో ఈబీ2 అనే గ్రీన్‌కార్డు వర్గంలో ఇండియావాళ్ళ వంతు ఇంకా 2013లో దరఖాస్తు పెట్టినవాళ్ళ దగ్గరే కొట్టుకుంటూ ఉండేది. వయసు లెక్కకట్టే పద్ధతి కూడా ఆగస్టు 15 నుంచి పిల్లలకి నష్టం వచ్చేలా మార్చారు. ఇలాంటి పిల్లలు రెండు లక్షలకి పైనే ఉంటారని అంచనా. వాళ్ళకి డాకా లేదు, పార్ట్‌టైం ఉద్యోగానికి పర్మిషన్ లేదు, ఫీజుకి కేంద్రం సాయం లేదు. రిక్రూటర్ జాబితాలో మాత్రం పేరుంది. కాగితాలు లేని పిల్లలూ, మన పిల్లలూ ఒకే క్లాసులో పక్కపక్కన కూర్చుని, ఒకే గోడ ముందుకొచ్చి ఆగుతున్నారు. మనం మాత్రం ఇంకా వాళ్ళు వేరు, మనం వేరు అనుకుంటున్నాం.

మావాడి క్లాసులో ఒక అబ్బాయి ఉన్నాడు, వాళ్ళది ఎల్‌సాల్వడార్. లెక్కల్లో మావాడికంటే చురుకు, మావాడికి చెప్పిపెట్టేవాడు. మార్చిలో ఇద్దరూ మా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని కాలేజీ దరఖాస్తుల గురించి మాట్లాడుకుంటే, కలిసి ఆస్టిన్ వెళ్దాం అన్నారు. జూన్ తర్వాత ఆ అబ్బాయి ఆ మాట ఎత్తలేదు. స్థానికుడు కాదు అన్నాక ఫీజు రెండు మూడింతలు, వాళ్ళ నాన్న రూఫింగ్ పని చేస్తాడు. మావాడు ఏదో అడగబోతే, వదిలెయ్ అన్నాడట.

ఇప్పుడు నేను అడిగేది ఏమిటంటే, మీ పత్రిక అమెరికా పేజీలో ఈ సంగతులు కూడా రాయండి. ఇండియాలో ఉన్న తల్లిదండ్రులకీ తెలియాలి, పిల్లల్ని పంపేముందు. ఇక్కడున్న మా వాళ్ళకి రెండు మూడు మాటలు. స్కూలు ఫారంలో మిలటరీ గడి ఉంటుంది, ఇష్టం లేకపోతే వద్దు అని నొక్కండి, నొక్కడం మర్చిపోతే ఆఫీసుకి ఉత్తరం రాసివ్వండి, సరిపోతుంది. ఏఎస్‌వీఏబీ అని మిలటరీ వాళ్ళ పరీక్ష ఒకటి స్కూల్లో ఉచితంగా పెడతారు, ఉద్యోగాల మీద అవగాహనకి అంటారు. మార్కులు రిక్రూటర్లకి వెళ్ళకుండా ఉండాలంటే స్కూలు "ఆప్షన్ 8" ఎంచుకోవాలి, పరీక్షకి ముందే కౌన్సిలర్‌ని అడగండి, మేం అడిగితే ఆవిడకే తెలియలేదు, కనుక్కుని చెప్పింది. మీ వాడికి నిజంగా సైన్యంలోకి వెళ్ళాలని ఉండి, గ్రీన్‌కార్డో సిటిజెన్‌షిప్పో ఉంటే సంతోషంగా వెళ్ళనీయండి. కాలేజీ ఫీజు కట్టలేక వెళ్తున్నాడా అన్నది మాత్రం ఒకసారి కూర్చుని అడగండి.

ఇంకొకటి. మనలో సిటిజెన్లయినవాళ్ళు ఇప్పుడు డాలస్ చుట్టుపక్కల చాలామందే ఉన్నారు, ఫ్రిస్కోలో, ప్లేనోలో ఓట్లు లెక్కపెట్టే స్థితికి వచ్చాం. ఓటు అడగడానికి వచ్చిన వాళ్ళని గ్రీన్‌కార్డు కోటా గురించి అడుగుతాం, శాలువా కప్పి ఫోటో దిగుతాం. ఈసారి టెక్సస్ ఫీజు చట్టం సంగతీ అడగండి, టైలర్ తీర్పు ఉండాలా పోవాలా అన్నదీ అడగండి. హెచ్‌ఫోర్ పిల్లల కోసం కాంగ్రెస్‌లో బిల్లులు పెడుతున్నారు, పోతున్నాయి, మళ్ళీ పెడుతున్నారు. వాటికోసం ఫోన్లు చేసేటప్పుడు డ్రీమర్లతో, అంటే ఆ కాగితాలు లేని పిల్లలతో, కలిసి చేయడానికి మనవాళ్ళు వెనకాడుతున్నారు, మేం వేరు అని ముందే చెప్పుకుంటున్నారు. కలిసి చేస్తే మన బిల్లుకి కాస్త బలం వస్తుందే తప్ప పోయేదేం లేదు.

ఈ ఉత్తరం అచ్చువేస్తే నా పేరు వేయకండి. మా ఆయన వీసా ఎక్స్‌టెన్షన్ ఫైలింగ్‌లో ఉంది.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఇర్వింగ్, టెక్సస్